గొంతు దిగని గుక్క

భీవండిలో ఉన్న అమ్మకు, నీ బిడ్డ రాజశ్రీ నమస్కరించి రాసేది. నేనిక్కడ సుబేదారిలో కులాసాగా ఉన్నాను. నువ్వు, అన్న, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను. అరుణ వదినా, అమ్మకు చదివి వినిపించేది నువ్వే కాబట్టి చెబుతున్నాను, నడుమ నడుమ మింగెయ్యకుండా అంతా చదువు. ఫోన్‌లో చెబితే అమ్మ సగం వినకముందే తిట్లు అందుకుంటుంది.

ముందు సంతోషం సంగతి. హోటల్లో వైన్ రుచి చూసి ఎంచే ఉద్యోగం నాకే వచ్చింది. ఇక భీవండి వచ్చి మగ్గాల షెడ్డులో చేరే పని లేదు.

"తాగుడు తాగుడే గదనే, దాన్ల రకాలేంది?" అని పోయిన ఉత్తరంలో అడిగించావు. తాగడం ఎక్కడిదమ్మా, రుచి చూసి బకెట్లో ఉమ్మెయ్యడమే. ఒకే కంపెనీ వైన్ ఏ ఏటిది ఎలా ఉందో వరుసగా చూడటం ఒక పద్ధతి. మన మగ్గం మీద ఏటేటా దిగిన జంపఖానాలు పక్కపక్కన పరిచి చూసినట్టు. ఒకే ఏడు వేరువేరు కంపెనీలు చేసినవి చూడటం ఇంకొకటి. అది మన కొత్తవాడ పేటంతా తిరిగి ఇంటింటి జంపఖానా తడిమి చూడటం. మూడోది సీసాకు గుడ్డ చుట్టి, పేరు కనబడకుండా పోసిచ్చేది. పేరు చూసి పొగిడేవాళ్ల బండారం అందులో బయటపడుతుంది. నాకు పెట్టిన పరీక్ష అదే.

నాకు పోటీ వంశీ. హైదరాబాద్‌లో కోర్సు చేసి వచ్చాడు. మంచివాడే కానీ మాటలు కోటలు దాటుతాయి. ఆఖరి గ్లాసు రుచి చూసి "మస్తుంది, మంచి సరుకు" అన్నాడు. నేను వాసన చూసి కింద పెట్టేశాను. వానాకాలం మన ఇంట్లో గోడవార తడిసి ముక్కిపోయిన నూలు వాసన అది.

"ఏమైంది బిడ్డా, రుచి చూడవా?" అన్నాడు మా పైఅధికారి చంద్రమౌళి సారు.

"ఇది ఖరాబైంది సార్. బిరడా పాడైతే గిట్లనే ముక్కిన వాసనొస్తది."

ఆయన నవ్వాడు. "కావాల్ననే పెట్టిన. పట్టుకున్నది నువ్వొక్కదానివే."

ముందు చప్పట్లు కొట్టింది వంశీయే. ఆ పూటంతా నా కాళ్లు నేల మీద ఆనలేదమ్మా.

ఇప్పుడు అసలు మాట. వదినా, ఇక్కడ జర మెల్లగా చదువు. అమ్మా, బాపు తాగి తాగి చనిపోయిన ఏడు, చుక్క కూడా గొంతు దిగొద్దని నీ తల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నావు. నేను గెలిచాక సారు ఒక మంచి సీసా తెరిచి నాకు పోశాడు. నోట్లో పట్టగానే నచ్చింది. అబద్ధమెందుకు, చాలా నచ్చింది. మింగాలనిపించింది. బాపు గుర్తొచ్చి భయమేసింది, నాదీ ఆ రక్తమే కదా అని. అందరూ చూస్తుండగానే ఆ గుక్క ఉమ్మేశాను. తర్వాత బాత్రూంలోకి వెళ్లి, మింగకుండా ఆగగలిగానన్న సంతోషంతో ఏడ్చాను.

నాకూ బాపు అలవాటు వస్తుందేమోనని ఇన్నేళ్లూ నువ్వు భయపడ్డావు. నీకు చెప్పలేదు కానీ నేనూ భయపడ్డాను. ఇక ఇద్దరం భయపడొద్దమ్మా.

ఇట్లు,
నీ చిన్నబిడ్డ
రాజశ్రీ