క్యారేజీ సంచి అడుగున

మంగళవారం, రాత్రి

పిల్లల దగ్గర మందులు ఉండకూడదని రూలు పెట్టింది నేనే. ఏడో తరగతి గ్రేసు ఇన్‌హేలర్‌ని జూన్‌లోనే తీసుకుని స్టాఫ్‌రూమ్ బీరువాలో పెట్టించాను. పారేసుకుంటుందని నా భయం.

ఈరోజు బడి పక్క యార్డులో కొబ్బరి పీచు మిషన్లో వేసి ఆడిస్తుంటే దుమ్మంతా క్లాసులోకి వచ్చింది. లెక్కలు చెబుతుండగా గ్రేసుకి ఆయాసం మొదలైంది. బీరువా దగ్గరికి పరిగెత్తాను. తాళంచెవి హెడ్‌మాస్టరుగారి జేబులో ఉంది, ఆయనేమో మీటింగుకని అమలాపురం వెళ్ళారు. తాళం పగలగొట్టడానికి రాయి పట్టుకొచ్చేసరికి క్లాసులోంచి పిల్లల కేక వినిపించింది.

వెళ్ళి చూస్తే గ్రేసు గోడకి ఆనుకుని నెమ్మదిగా ఊపిరి తీసుకుంటోంది. చేతిలో ఇంకో ఇన్‌హేలర్.

"మీకు చెప్పకుండా క్యారేజీ సంచిలో తెచ్చుకుంటున్నానండి. కోప్పడకండి టీచర్‌గారూ."

"లేదమ్మా" అన్నాను. నా చేతిలో రాయి ఇంకా అలాగే ఉంది.

రేపు బీరువాలోది కూడా తీసి ఇచ్చేస్తాను. హెడ్‌మాస్టరుగారికి ఏం చెప్పాలో ఆలోచించాలి.

ప్రతి సోమవారం సెల్‌ఫోన్ల కోసం పిల్లల సంచులన్నీ వెతుకుతాను. నిన్నా వెతికాను. గ్రేసు క్యారేజీ సంచి ఒక్కటే తెరవలేదు, పులుసు కారి జిడ్డుగా ఉందని.