గెదే పండక్కి మాడు అన్నం

అక్టోబర్ 9
పక్క వాటా రోజ్ ఆంటీ లోపలికి పిలిచింది. హైతీ ఆవిడ. ముసలివాళ్ళ ఇళ్ళకెళ్ళి సేవ చేస్తుంది. ఇన్నాళ్ళూ లాండ్రీ గదిలో నవ్వుకోవడమే — ఇద్దరిదీ నడిచీ నడవని ఇంగ్లీషు.
గోడకి నల్లటి మేరీమాత పటం, చెంప మీద గాట్లు. ముందు దీపం, కాఫీ కప్పు.
“చర్చికి వెళ్తారా?”
“వెళ్తా. కానీ ఈవిడ మేరీ కాదు. ఎజిలీ. మా అమ్మవారు.”

అక్టోబర్ 10
బావకి చెప్పాను — పెళ్ళయినా మా ఆయన్ని బావనే అంటాను. “ఊడూనా! చేతబడే అది. బొమ్మలకి సూదులు గుచ్చుతారు. వెళ్ళకు.”

అక్టోబర్ 13
వెళ్ళాను. సూదుల సంగతి అడిగేశాను... నోరెలా వచ్చిందో. ఆంటీ పడీపడీ నవ్వింది. “సూదులు నాకే బేబీ, రోజూ పొట్టలో. షుగర్!”

అక్టోబర్ 17
వాళ్ళ దేవుళ్ళు ఆఫ్రికా నుంచి వచ్చారట, ఓడల్లో, గొలుసులు వేసిన మనుషులతో. హైతీలో దొరలు మొక్కనివ్వలేదు. ఎదురుగా చర్చి పటం పెట్టుకుని, మనసులో తమ దేవుణ్ణి పిలుచుకున్నారు.
ఆంటీ ఇదంతా బట్టలు మడతపెడుతూ చెప్పింది.

అక్టోబర్ 18
మా పెద్దమ్మకి జాతరలో పూనకం వస్తుందన్నాను. “మాకూ అంతే. దేవుడు రౌతు, మనిషి గుర్రం.”

అక్టోబర్ 24
నవంబర్ మొదట్లో గెదే. పోయినవాళ్ళ పండగ. ఎవరి పోయినవాళ్ళకి వాళ్ళు పళ్ళెం పెట్టాలి.
“నీకెవరున్నారు?”
పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాను. “ఐదో నెలలో పోయింది. ఆడపిల్ల.”
మార్చి నుంచి ఆ మాట ఎవరితోనూ అనలేదు. బావ ఆ ఊసే ఎత్తనివ్వడు. అత్తయ్య ఫోన్‌లో — “పుట్టని దానికి కర్మలుండవే, మర్చిపో.”
“ఇష్టమైనది వండు. ఏం తినేది?”
“పుట్టనే లేదు ఆంటీ.”
“నీ చేత ఏం తినిపించింది?”

అక్టోబర్ 25
మాడు అన్నం. అన్ని నెలలూ అదే. వేరే ఏదీ కడుపులో నిలిచేది కాదు. “మాడు మహారాణీ, నాకూ కాస్త ఉంచు,” అనేవాడు బావ.
ఆంటీకి చెప్పాను. వాళ్ళింట్లోనూ అడుగంటిన దాని కోసం పిల్లలు కొట్టుకుంటారట.

అక్టోబర్ 29
బావకి ఇంకా చెప్పలేదు.

అక్టోబర్ 31
చెప్పాను — పళ్ళెం సంగతి కాదు, పండక్కి పిలిచిందని మాత్రం.
“మళ్ళీ కడుపు పండాల్సినదానివి. ఆ గుమ్మం తొక్కకు.” అరవలేదు. భయపడ్డాడు.

నవంబర్ 2
రైస్ కుక్కర్‌లో మాడు రాదు. గిన్నెలో పెట్టాను. మంట తగ్గించలేదు.
పొగకి అలారం మోగింది. బావ పరుగెత్తుకొచ్చి కిటికీ తీశాడు. గిన్నెలోకి చూశాడు. నా వంక చూశాడు.
“మళ్ళీనా?” గొంతులో ఆశ.
తల అడ్డంగా ఊపాను.
“మరి ఎవరికే?”
“దానికే, బావా.”
గరిట తీసుకుని అడుగంతా గీకాడు. ఒక్క మెతుకు వదలకుండా పళ్ళెంలోకి తీశాడు.
గోడ అవతల డప్పు మొదలైంది. ఆంటీ ఎదురుచూస్తూ ఉంటుంది.
“నేను రాను,” అన్నాడు. “నువ్వూ...” ఆగిపోయాడు.
సోఫాలో కూర్చున్నాడు. నేను ఇక్కడ, వంటగదిలో రాసుకుంటున్నాను. పళ్ళెం ఇంకా బావ ఒళ్ళోనే ఉంది. రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.