కుడివైపు స్పీకర్లు

అమ్మాయికి,

నేను క్షేమమే. నీ పెద్దవాడి గురించి ఆ మాట రాయలేను. మొన్న మైదానంలో పాటకచేరీకి స్పీకర్లు వాడే బిగించాడు, ఎడమన పన్నెండు, కుడిన పన్నెండు. జనం రాకముందు మైదానం మధ్యలో నిలబడి, ఒక పాట పెట్టించి, రెండు వైపులా సమానంగా వినిపించేదాకా చెవితోనే సరిచూశాడు. కచేరీ మొదలైన పది నిమిషాలకే కుడివైపు జనం చెవులు మూసుకుని లేచిపోయారు.

"ఏం నాయనా, చెవిటి మేళమా?" అన్నాడు స్పీకర్ల యజమాని, అందరి ముందూ. వీడు నవ్వేశాడు.

ఇంటికొచ్చాక నిలదీశాను.

"ఆరు నెలలుగా కుడిచెవి సరిగా వినపడట్లేదు అమ్మమ్మా. అమ్మకి చెప్పకు, పని మానిపించేస్తుంది."

చెప్పనని నేను మాటివ్వలేదు. నిన్న డాక్టరుకు చూపించాను. పోయిన వినికిడి రాదట, ఈ పనిలోనే ఉంటే రెండో చెవీ దక్కదట. వాడికి వేరే పని రాదు.

వంటింటి కుళాయి బాగు చేయించావా? నా పాత కళ్లజోడు బీరువా రెండో అరలో ఉంది, తీసి ఉంచు. ఆదివారం వాణ్ణి తీసుకొస్తున్నాను. వెనకనుంచి పిలిచి, పలకలేదని కసురుకోకు. అన్నానికి వాడి ఎడమపక్కన కూర్చో. పిల్లలకు నా దీవెనలు.

అమ్మ