బాయిలర్ గోడ మీది సర్టిఫికెట్

ఏమండీ,

మీరు పోయి రేపటికి ఏడాది. మీ బాయిలర్ ఇంజనీర్ సర్టిఫికెట్ ఇంటికి తెచ్చుకుందామని ఇవాళ సిల్తారాలో మీ ఫ్యాక్టరీకి వెళ్లాను. అది ఇంకా బాయిలర్ పక్క గోడకే వేలాడుతోంది. అద్దం మీది బొగ్గుధూళి కొంగుతో తుడిచి, మేకు నుంచి తీశాను.

"రహనే దో వదినా, ఉండనీ. కొత్త ఇంజనీరు ఇంకా దొరకలేదు. ఇన్‌స్పెక్టరొస్తే అన్నయ్య పేరే చూపిస్తన్నాం," అంటూ ఫోర్‌మన్ అప్పారావు దాన్ని మళ్లీ తగిలించేశాడు.

ఆఫీసు గదిలో పేటెంటు పత్రానికి దండ వేసి ఉంది. కొలిమి నుంచి వృథాగా పోయే వేడితో ఆవిరి పుట్టించడం. మీరు మన క్యాలెండర్ వెనక గీసి నాకు చెప్పిన పద్ధతే. కనిపెట్టినవారి చోట యజమాని పేరు, ఆయన కొడుకు పేరు ఉన్నాయి. మీది లేదు.

బాయిలర్ పేలిననాడు మాత్రం మీ పేరే చెబుతారు.