ఏడింటి వార్తల ముందు ప్రార్థన

మంగళవారం, రాత్రి.

పక్కింటి మార్తమ్మగారి అమ్మాయి హైదరాబాదులో టీవీ వార్తలు చదువుతుంది. కూతురు తడబడకూడదని ఈవిడ రోజూ ఏడింటి ముందు ముసుగేసుకుని ప్రార్థన చేసి, అప్పుడు టీవీ పెడతారు. ప్రభుత్వం మారేక ఆ ఛానెల్ కేబుల్లో రావడం మానేసింది. ఫోన్లో చూపిస్తే ఆ బొమ్మ ఆవిడ కళ్ళకి ఆనలేదు.

ఇవాళ కేబుల్ సత్తిబాబుని పిలిపించేను.

"బాక్సు బానే ఉందండీ. పైనుంచి ఆపించేరు. ఈ బాక్సులు రాకముందు, ఉత్త వైర్ల రోజుల్లో అయితే నేనే ఎలాగోలా కలిపేద్దునండీ," అన్నాడు.

"ఆయ్. మరి ఎవరి మనసు మారాలని ప్రార్థన చెయ్యనమ్మా? పేరు చెప్పు," అన్నారు మార్తమ్మగారు నావైపు తిరిగి.

నేను ఓటేసి గద్దెనెక్కించినాయన పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆయనకి తెలిసే జరిగిందో, కిందివాళ్ళ అత్యుత్సాహమో...

"అందరి కోసం చెయ్యండి," అన్నాను.

ఆవిడ నా మాట నమ్మి కళ్ళు మూసుకున్నారు.