కీరకాయ విషయమున నేను చెప్పిన అబద్ధము

సూర్యాపేట,
జూన్ 1949.

కలరా విచారణకు వచ్చిన ఆరోగ్య అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కీరకాయలు కడగకుండా కోసి పెట్టుటను మాన్పించుట గురించి, నా తప్పుడు వాంగ్మూలము దిద్దుట గురించి.

సూర్యాపేట మోటారు అడ్డా వద్ద భోజన హోటలు నడుపుచున్న ముత్తయ్య అను నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. ఎండకాలము కీరలు వాడిపోకుండా వాటిపై తడి గోనెపట్టా కప్పెదము. ఆ గోనెను ఎంగిలి పళ్లెములు కడిగిన తొట్టిలోనే ముంచెదము. కోదాడ, మిర్యాలగూడ వైపు కూడ ఇదే పద్ధతి. చూచుటకు కాయ నవనవలాడును.

2. కాయ కొన కోసి, ఆ ముక్కతోనే రుద్దినచో తెల్లని నురగ వచ్చును. దానితో చేదు పోవును. విషము కూడ పోవునని మా నాయన చెప్పేవాడు. విషమే దిగినాక ఇంక కడుగుడెందుకని నేనేనాడూ కడగలేదు.

3. గత నెల సంతకు మిర్యాలగూడ దగ్గరి తండా నుండి దీప్లా, అతని భార్య మంగ్లీ వచ్చిరి. ఆమెకు ఆరవ నెల. ఎండకు సొమ్మసిల్లినట్లుంటే నేనే పిలిచి, కీర కోసి, ఉప్పు కారము చల్లి ఇచ్చితిని. దీప్లా తన ముక్కలు కూడ ఆమెకే పెట్టినాడు. మరునాడు వాంతులు, విరేచనములు. మూడవనాడు మంగ్లీ చనిపోయినది. ఆ కాయలే తిన్న మరి ఇద్దరు మంచము పట్టి లేచిరి.

4. తమరు విచారించినప్పుడు, దారిలో వాగు నీళ్లు తాగించితినని దీప్లా ఏడ్చినాడు. తమరు అదే వ్రాసుకొన్నారు. ఆ నీళ్లు అతడు కూడ తాగినాడు, ఏమీ కాలేదు. నేను పక్కనే ఉండి, మా కాయలు శుభ్రమైనవని చెప్పితిని. నా హోటలు దక్కినది.

5. ఇది అర్జీలో వ్రాయదగునో లేదో తెలియదు. సంత సంతకు దీప్లా వచ్చి నా అరుగు మీద కూర్చుండును. పోయినసారి, "ఆఖరికి మా మంగ్లీ కడుపునిండ తిన్నది నీ చేతిదే ముత్తన్నా. నువ్వు మంచోనివి" అన్నాడు. ఆనాటి నుండి పట్టపగలే, ఎవరు కీర రుద్దుచున్నను ఆ చేతికి ఆమె గాజులు కనపడుచున్నవి. నాకు భయముగా ఉన్నది.

కావున, కోయక ముందే కాయను, కత్తిని, పీటను, చేతులను కాచిన నీటితో కడగవలెననియు, కోసిన ముక్కలపై ఈగ వాలనీయరాదనియు ఊరూర దండోరా వేయించవలెను. మంగ్లీ చావు వాగు నీటి వలన కాదని దిద్దవలెను. హోటలు మూయించినను సమ్మతమే. దీప్లాకు మాత్రము తమరే చెప్పవలెను, నాకు నోరు రాదు. ఇంతకాలము దాచిన నా నేరమును చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ముత్తయ్య

మరొక మాట: ఇది మడుస్తుండగా దీప్లా వచ్చి ఏం కాయితమని అడిగినాడు. అతనికి చదువు రాదు. మళ్లీ అబద్ధం చెప్పబోయి, చెప్పలేక, అంతా చదివి వినిపించినాను. నాలుగో అంశం మూడుసార్లు చదివించుకున్నాడు.

"అయితే నేను తాగిచ్చిన నీళ్లు కాదా?" అన్నాడు.

కాదన్నాను. కూర్చున్నచోటనే చాలాసేపు ఏడ్చినాడు. నన్ను తిట్టినా బాగుండేది. దిద్దిన కాయితం నకలొకటి ఇప్పించమని తమకు వ్రాయమన్నాడు. మంగ్లీ తల్లి ఆ వాగు నీళ్ల మాట విన్ననాటి నుంచి అతనితో మాట్లాడటం లేదట.