పద్నాలుగు పేర్లూ నిజమే

జూన్ 5, గురువారం

ఉనైసి మా రగ్బీ జట్టును మళ్ళీ గెలిపించింది. ఈసారి టోంగా మీద. ప్రెస్ బాక్సులో కూర్చుని నోట్సు రాసుకున్నాను. పెన్ను రెండుసార్లు కాగితాన్ని చింపింది.

జూన్ 7, శనివారం

సెమీఫైనల్లో పాపువా న్యూగినీని చిత్తు చేశాం. "చేశాం" అని రాశాను గాని నేను చేసిందేమీ లేదు. ఫోనులో స్టాప్‌వాచీ పెట్టుకుని ఉనైసి పాసులు కొలిచాను. ఐదు మ్యాచుల నుంచీ అదే పని. ఎవరూ కొలవమనలేదు.

ఆమెది తొమ్మిదో నంబరు. రెండు జట్లూ తలలు ఆనించి తోసుకునే స్క్రమ్‌లో కాళ్ళ మధ్య నుంచి బంతి లాగి బయటివాళ్ళకు అందించాలి. యూనివర్సిటీలో నాలుగేళ్ళు ఆ పని నాది. రెండేళ్ళ కిందట జాతీయ జట్టు ట్రయల్స్‌కు ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళాం. సెలెక్టర్లు అరగంట చూసి ఆమె పేరు రాసుకున్నారు. నన్ను చదువెంతవరకు వచ్చిందని అడిగారు. ఆ ప్రశ్నతోనే నాకు అర్థమైపోయింది. అప్పటి నుంచి రగ్బీ ఆడకుండా రగ్బీ గురించి రాస్తున్నాను.

ఆమె మా మామయ్య కూతురు. ఇద్దరిదీ ఒకే వయసు, అందుకని నేనూ వదినా అంటాను, ఆమే వదినా అంటుంది. మా దగ్గర వదినలు ఒకరినొకరు ఏ మాటైనా అనుకోవచ్చు. కోపం తెచ్చుకున్నది ఓడినట్టు. అమ్మమ్మ అంత్యక్రియల్లో, పెట్టె పక్కనే నిలబడి, నన్ను డిగ్రీ ఉన్న మేక అంది. పాస్టరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఉనైసికి డిగ్రీ లేదు. చేపల ఫ్యాక్టరీలో ట్యూనా తలలు నరుకుతుంది. పొద్దున ఆరు నుంచి రెండు దాకా నరుకుడు, మూడింటికి ప్రాక్టీసు. నీ చేతుల కంపు బంతికి అంటుతోందే అని జట్టులో వాళ్ళు ఏడిపిస్తారట. మరందుకేగా అవతలివాళ్ళు నా దగ్గర లాక్కోరు అంటుందట.

ఎడమవైపు పాసు ఇచ్చేటప్పుడు ఆమె బంతిని చూడదు, అడుగు కూడా వేయదు. వంగిన మనిషి వంగినట్టే ఉంటుంది, బంతి వెళ్ళిపోతుంది. నేను దాన్ని రెండేళ్ళు అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. రాలేదు.

జూన్ 14, శనివారం. సాయంత్రం 6.40

ఫైనల్లో సమోవా మీద ఒక్క పాయింటు తేడాతో గెలిచాం. మ్యాచంతా వాన. సువా నగరం మొత్తం రోడ్డు మీదే ఉంది, బస్సుల హారన్లు ఇంకా ఆగలేదు.

మా స్పోర్ట్స్ ఎడిటర్ అపెనిసా గారు ఒకాయన్ను పరిచయం చేశారు. హోల్డెన్. సిడ్నీలో ఒక ఆడవాళ్ళ క్లబ్బుకి మేనేజరు. టోర్నమెంటు నుంచి నలుగురిని తీసుకెళ్ళడానికి వచ్చాడు, అందులో ఒకరు తొమ్మిదో నంబరు. రెండేళ్ళ కాంట్రాక్టు, ఇల్లు వాళ్ళదే. ఫైనల్ ఒక్కటే చూశాడట, అదీ వానలో. బంతి సబ్బు ముక్కలా జారుతుంటే ఎవరి పనితనం తెలుస్తుందమ్మాయ్, మ్యాచులన్నీ చూసినదానివి నువ్వు, సోమవారం పేపర్లో టోర్నమెంటు మేటి పదిహేనుమంది అని నీ జాబితా వస్తుందట కదా, మా బోర్డుకి అదే పంపుతాను అన్నాడు. శుక్రవారం దాకా ఉంటాడట.

ఈ చేతుల్లోకి బంతి వచ్చి రెండేళ్ళయింది. ఈరోజు వచ్చింది.

జూన్ 15, ఆదివారం

చర్చి ఎగ్గొట్టానని అమ్మ తిట్టింది. దేవుడికన్నా ఎక్కువైందా నీ పేపరు అంది.

ఆఫీసులో ఒక్కదాన్నే. పద్నాలుగు పేర్లు ఎంత నిజాయితీగా రాశానో నాకే ఆశ్చర్యం. స్క్రమ్‌లో మొదటి వరుసకు టోంగా అమ్మాయి ఆనాసేని, ఆమెను ఎవరూ పట్టించుకోరు గాని పక్కవాళ్ళ బరువంతా మోసేది ఆమే. పదో నంబరుకి మనమ్మాయి కాదు, సమోవా అమ్మాయి. వెనక కాపలాకి పాపువా అమ్మాయి. మా ఊరివాళ్ళను ఇద్దర్ని తీసేశాను. ఒక్కొక్కరికీ రెండు వాక్యాల కారణం రాశాను. ఎవరూ వేలు పెట్టి చూపించలేరు.

తొమ్మిది దగ్గర ఆగాను. టీ తాగాను. కిటికీ మూశాను.

సమోవా జట్టులో తొమ్మిదో నంబరు ఆడిన అమ్మాయి పేరు రాశాను. "ఉనైసిది ఉత్సాహమే గాని పాసు అర సెకను ఆలస్యం" అని రాశాను.

సాయంత్రం అపెనిసా గారు వచ్చి, యంగోనా వేరు కషాయం గిన్నె పక్కన పెట్టుకుని చదివారు. అక్కడికి రాగానే పొట్ట పట్టుకుని నవ్వారు. అబ్బ, మొత్తానికి మీ వదినని పేపర్లోకి ఈడ్చి కొట్టావు కదే అన్నారు. నేను నవ్వలేదు. నవ్వకుండా కొట్టడమే అసలు వేళాకోళమని ఇంకా మెచ్చుకున్నారు. ఒక్క అక్షరం మార్చలేదు.

జూన్ 16, సోమవారం

అంతా నవ్వుతున్నారు.

రేడియో అతను చదివి నవ్వాడు. బస్సు డ్రైవరు నన్ను గుర్తుపట్టి, అర సెకను ఆలస్యమైంది తల్లీ, ఎక్కు ఎక్కు అన్నాడు. మామయ్య ఊరి నుంచి ఫోను చేసి, నా కూతుర్ని ఇలా ఉతికిన వదిన వంశంలోనే లేదని పొగిడాడు. వెనక ఎవరో పళ్ళెం వాయిస్తున్నారు.

నాకు తిట్లు కావాలి. ఒక్కరైనా, ఎందుకలా రాశావని అడగాలి.

మధ్యాహ్నం ఆఫీసుకి అన్నం డబ్బా వచ్చింది. మూత తీస్తే ట్యూనా కళ్ళు, ఒక్కోటి నిమ్మకాయంత. చీటీ మీద ఉనైసి కోడిగీతలు. వదినా, నీవి పనిచేయట్లేదట, ఇవి పెట్టుకో.

ఆఫీసంతా విరగబడి నవ్వింది. నేను మూత పెట్టి డబ్బాను బల్ల కిందికి తోసేశాను.

జూన్ 18, బుధవారం

తొమ్మిదో నంబరుకి హోల్డెన్ ఆ సమోవా అమ్మాయినే ఎంచుకున్నాడు. సంతకాలు శుక్రవారం మధ్యాహ్నం.

ఉనైసి షిఫ్టు నుంచి నేరుగా వచ్చింది, రబ్బరు బూట్లతోనే. కోపంగా వచ్చిందేమోనని లేచి నిలబడ్డాను. నిజం చెప్పాలంటే ఆశగా లేచాను. ఆమె బల్ల మీద కూర్చుని నా బిస్కెట్లు తింది. పాపం ఆ తెల్లాయనకి వదినలు లేరు కాబోలే, నిజమనుకున్నాడు అంది. నువ్వెళ్ళి చెప్పు, ఇంగ్లీషులో చెప్పు, అందుకేగా నిన్ను అంత చదివించింది అంది. మొహం మీద నవ్వు ఉంది. చేతులు మాత్రం బిస్కెట్టు కాగితాన్ని మడిచి మడిచి గోరంత చేశాయి. సిడ్నీలో ఇల్లు ఇస్తామన్నారట కదా, కిటికీలోంచి ఏం కనిపిస్తుందో అని అడిగింది.

నాకు తెలియదన్నాను.

జూన్ 19, గురువారం

హోటలుకి వెళ్ళాను. అది మా వేళాకోళం, మా దగ్గర వదినలు అలాగే అనుకుంటారు అని చెప్పాను. దారంతా బట్టీ పట్టిన మాట.

ఆయన కాఫీ పక్కన పెట్టాడు. సరే అమ్మాయ్, మరి మిగతా పద్నాలుగులో ఏవి వేళాకోళం అని అడిగాడు.

ఏవీ కాదన్నాను.

అది నేనెలా నమ్మాలి, ఆ టోంగా పిల్ల ఆనాసేనిని నీ రెండు వాక్యాలు చూసే తీసుకుంటున్నాను, నీది సరదా జాబితా అయితే ఆమెనీ ఆపేయాలి కదా అన్నాడు. మంచి మనిషే. వెటకారం లేదు. నేను రాసిన ప్రతి మాటా నమ్మినవాడు ఈ దీవుల్లో ఇతనొక్కడే.

వేళాకోళం అంటే పద్నాలుగుమందీ పోతారు. నిజం చెబితే నేనొక్కదాన్నే పోతాను. ఇంత చిన్న లెక్కకు పది నిమిషాలు పట్టింది నాకు.

చెప్పాను. అసూయ అనే మాట ఇంగ్లీషులో తేలిగ్గానే వచ్చింది.

మా బోర్డు చదివింది అచ్చులో అమ్మాయ్, నా చెవిలో చెబితే చాలదు, రేపు పేపర్లో కనిపిస్తే సంతకాలు మారుస్తాను అన్నాడు.

ఆఫీసుకి వచ్చి నిజం రాసి ఇచ్చాను. ఈసారి అపెనిసా గారు నవ్వలేదు. ఆయనకు ఇప్పుడు అర్థమైంది. కాగితం తిరగేసి, ఇది వేస్తే నీకిక ఈ పేజీ లేదు, తెలుసా అన్నారు. తెలుసన్నాను. నేనూ నవ్వి వేసేశాను కదమ్మా, నాదీ తప్పే అన్నారు. అయినా పేజీ మాత్రం నాదే పోయింది.

జూన్ 20, శుక్రవారం

అచ్చులో వచ్చింది ఇక్కడ కాపీ చేసుకుంటున్నాను.

"సోమవారం నాటి జాబితాలో పద్నాలుగు పేర్లూ నిజమే. తొమ్మిదో నంబరు అబద్ధం. ఉనైసి పాసు ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. ఎడమవైపు ఆమె అంత వేగంగా అందించినవారు ఈ టోర్నమెంటులో లేరు. అన్ని మ్యాచుల్లోనూ కొలిచి చూశాను. ఆ చోటు నాది కావాలని ఉండి అలా రాశాను. — సలానియెతా"

పదకొండున్నరకు హోల్డెన్ మెసేజి పెట్టాడు. ఉనైసి సంతకం చేసింది.

ఊరు ఇంకా గట్టిగా నవ్వుతోంది. ఇంతకన్నా పెద్ద వేళాకోళం ఇంకోటి లేదట. మామయ్యకు దగ్గు వచ్చేదాకా నవ్వొచ్చిందట.

జూన్ 28, శనివారం

ఉనైసికి వీడ్కోలు. పంది, చామదుంపలు, కొబ్బరిపాలలో చేప. గిటార్లు. మామయ్య నన్ను లేపి ఆ పేపరు ముక్క గట్టిగా చదవమన్నాడు. చదివాను. చాపల మీద జనం దొర్లారు.

ఉనైసి నవ్వలేదు. వాకిట్లో నీళ్ళ డ్రమ్ము దగ్గర నన్ను పట్టుకుంది. అది నిజమే కదే అంది. అవునన్నాను. కాసేపు చేతులు కడుక్కుంటూనే ఉంది. తర్వాత, అన్ని మ్యాచులూ కొలిచావా అని అడిగింది. అన్నీ అన్నాను. మరి ఎంత వచ్చిందే, అత్యంత తక్కువ ఎంత అని అడిగింది. ముందుకు వంగి, చెవి ఇటు పెట్టి. నా మీద కోపం ఎక్కడో పక్కన పెట్టి మరిచిపోయినట్టుంది.

చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది.

ఇలాంటిదాన్ని ఎలా క్షమించాలి?

జూలై 11

ఇప్పుడు చావు ప్రకటనల పేజీ నాది. అక్కడ వేళాకోళాలు ఉండవు.

ఆగస్టు 2, శనివారం. మధ్యాహ్నం

సిడ్నీ మొదటి మ్యాచి ఫోనులో చూశాను. ఉనైసిని బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆమె చోట ఎవరో ఎర్రజుట్టు అమ్మాయి. ప్రతి పాసుకీ ముందు రెండడుగులు వేస్తుంది. రెండు! గోడకి చెప్పు విసిరాను. అమ్మ వచ్చి ఏమైందంది.

కెమెరా బెంచీ వైపు తిరిగింది. ఉనైసి ఆ పిల్ల ఆటకు చప్పట్లు కొడుతోంది.

దానికి కుళ్ళుకోవడం చేతకాదు. ఆ పనీ నాకే పడింది.